తీగ లేని పరికరాలు ఎలా మాట్లాడుకుంటాయి: కొత్తగా నేర్చుకునేవారికి అంచెలంచెల మార్గదర్శి

ఇయర్‌బడ్స్‌లో పాట వింటున్నంతసేపూ వాటికీ ఫోనుకూ మధ్య కనిపించని తీగ ఏదో ఉన్నట్టే అనిపిస్తుంది. అలాంటిదేమీ లేదు. చేతికి కట్టుకునే ఫిట్‌నెస్ బ్యాండ్‌నే తీసుకోండి. దాని రేడియో, అంటే సంకేతాలు పంపి అందుకునే భాగం, రోజులో చాలా సేపు ఆగిపోయే ఉంటుంది. ముందుగా ఒప్పుకున్న క్షణానికి లేచి, ఒప్పుకున్న ఛానెల్‌లో నాలుగు ముక్కలు చెప్పి, మళ్లీ నిద్రలోకి జారుకుంటుంది. అవతల ఫోను కూడా సరిగ్గా అదే క్షణానికి, అదే ఛానెల్‌లో చెవి ఒగ్గి ఉంటుంది. కనెక్షన్ అంటే రెండు పరికరాల మధ్య కుదిరిన కాలపట్టిక. ఈ మాట ఒక్కటి మనసుకు పట్టిందంటే జత కలవడం, మధ్యలో తెగిపోవడం, బ్యాటరీ ఎక్కువకాలం రావడం, అన్నీ వాటంతట అవే అర్థమవుతాయి.

ఈ మార్గదర్శి ప్రధానంగా బ్లూటూత్ గురించి. అందరి దగ్గరా ఉండేది అదే, చేసి చూడటానికి వీలైనదీ అదే. చివర్లో ఎన్‌ఎఫ్‌సీ (కార్డును ఫోనుకు ఆనించి వాడే పద్ధతి), జిగ్‌బీ (ఇంట్లోని స్మార్ట్ బల్బుల వంటివి వాడే పద్ధతి) వంటివాటిని కూడా చూద్దాం. చదువుతూనే ప్రయోగం చేయాలంటే ఒక ఫోను, ఒక బ్లూటూత్ పరికరం, చుట్టుపక్కల సంకేతాలను చూపించే స్కానర్ యాప్ ఉంటే చాలు. నార్డిక్ సెమీకండక్టర్ సంస్థ ఉచితంగా ఇచ్చే ఎన్‌ఆర్‌ఎఫ్ కనెక్ట్ అందుకు బాగా పనికొస్తుంది.

మొదటి అంచె: తరంగాన్ని ఊహించుకోండి

బ్లూటూత్ వాడేది రేడియో తరంగాలను. వాటి పౌనఃపున్యం 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర ఉంటుంది, అంటే తరంగం సెకనుకు దాదాపు 240 కోట్ల సార్లు ఊగుతుంది. అది కాంతి వేగంతో, సెకనుకు సుమారు 3 లక్షల కిలోమీటర్ల వేగంతో సాగుతుంది. వేగాన్ని పౌనఃపున్యంతో భాగిస్తే తరంగదైర్ఘ్యం వస్తుంది: సుమారు 12.5 సెంటీమీటర్లు. ఈ అంకెను గుర్తుంచుకోండి, ముందుముందు పనికొస్తుంది. యాంటెన్నాకు తరంగదైర్ఘ్యంలో నాలుగో వంతు పొడవు ఉంటే సరిపోతుంది కనుక 3 సెంటీమీటర్ల రాగి గీతతో పని జరిగిపోతుంది. దాన్ని మడతలు పెట్టి ఇంకా చిన్న చోటులో ఇమిడ్చేస్తారు. ఎఫ్‌ఎం రేడియో తరంగం పొడవు 3 మీటర్లు, దానికి ముప్పావు మీటరు యాంటెన్నా కావాలి. ఇయర్‌బడ్ అంత చిన్నదిగా ఉండగలగడానికి ఈ తేడా కూడా ఒక కారణం.

2400 నుంచి 2483.5 మెగాహెర్ట్జ్ వరకు ఉన్న ఈ పట్టీని ప్రపంచంలో చాలా చోట్ల లైసెన్సు లేకుండా వాడుకోవచ్చు. అందుకే ఇక్కడ ఇంత రద్దీ. బ్లూటూత్, వైఫై, జిగ్‌బీ, వైర్‌లెస్ మౌస్‌లు, అన్నీ ఇందులోనే. మైక్రోవేవ్ ఓవెన్ కూడా 2.45 గిగాహెర్ట్జ్ దగ్గరే పనిచేస్తుంది, దాని నుంచి బయటికి వచ్చే కాస్త శక్తి కూడా ఈ పట్టీలో గోల రేపుతుంది. నీరు ఈ తరంగాలను బాగా పీల్చుకుంటుంది. మన శరీరంలో ఎక్కువ భాగం నీరే కనుక మనమే ఈ సంకేతానికి పెద్ద అడ్డుగోడ.

రెండో అంచె: తరంగం మీదికి అక్షరం ఎక్కించడం

ఊరికే ఊగే తరంగం ఏ సమాచారాన్నీ మోయదు. దానిలో ఏదో ఒకటి మారాలి. బ్లూటూత్ మార్చేది పౌనఃపున్యాన్ని, అదీ అతి స్వల్పంగా. బ్లూటూత్‌లో రెండు రకాలున్నాయి: ప్రధానంగా పాటలు, కాల్స్ మోసే పాత తరహా ఒకటి, బ్యాండ్ల వంటివి వాడే తక్కువ శక్తి రకం ఒకటి. తక్కువ శక్తి రకంలో ఛానెల్ 2402 మెగాహెర్ట్జ్ అనుకుందాం. 1 అని చెప్పాలంటే తరంగాన్ని 2402.25 వైపు జరుపుతుంది, 0 అని చెప్పాలంటే 2401.75 వైపు. అవతలి పరికరం ఆ జరుగుబాటునే గమనిస్తుంది. సెకనుకు 10 లక్షల బిట్లు ఇలా వెళ్తాయి.

‘అ’ అనే అక్షరాన్ని పంపుతున్నామనుకోండి. ఫోన్లలో, కంప్యూటర్లలో సాధారణంగా వాడే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక తెలుగు అక్షరానికి 3 బైట్లు పడతాయి, అంటే 24 బిట్లు. ఒక్కో బిట్‌కు ఒక మైక్రోసెకను చొప్పున 24 మైక్రోసెకన్లలో అక్షరం బయటికి వెళ్లిపోతుంది. ఆఖరి బిట్ యాంటెన్నాను వదిలే సమయానికి మొదటి బిట్ 7 కిలోమీటర్ల దూరం దాటి ఉంటుంది, వినగలిగేంత బలం దానికి లేకపోయినా సరే. గదిలో ఉన్న బ్యాండ్‌కు ఒక్క అక్షరం చేరుతున్నప్పుడు గాలిలో జరిగేది ఇది. నాకు ఇది ఎప్పుడు తలచుకున్నా ఆశ్చర్యమే.

మూడో అంచె: ప్యాకెట్‌ను విప్పి చూడండి

బిట్లు వరదలా పోవు, చిన్న మూటలుగా వెళ్తాయి. ఒక్కో మూటను ప్యాకెట్ అంటారు. ముందు 0, 1 మార్చి మార్చి వచ్చే 8 బిట్లు ఉంటాయి. వినే రేడియో తన లయను వీటితో సరిచూసుకుంటుంది. తర్వాతి 32 బిట్లు ఈ మూట ఏ సంభాషణకు చెందిందో చెబుతాయి. పక్క టేబుల్ మీది హెడ్‌ఫోన్ మాటలు మీ ఫోను పట్టించుకోకపోవడానికి ఇవే కారణం. తర్వాత అసలు విషయం. చివర 24 బిట్ల తనిఖీ సంఖ్య. పంపేవారు విషయం మీద ఒక లెక్క వేసి దాని ఫలితాన్ని చివర అతికిస్తారు, అందుకున్నవారు అదే లెక్క మళ్లీ వేస్తారు. తేడా వస్తే ఆ ప్యాకెట్‌ను పారేస్తారు.

పారేసిన సంగతి అవతలివారికి ఎలా తెలుస్తుంది? ప్యాకెట్ అందిన 150 మైక్రోసెకన్లకు జవాబు వెళ్లాలన్నది నియమం. ఆ జవాబులో ఒకే ఒక్క బిట్ ‘అందింది, తర్వాతిది పంపు’ అనో ‘అందలేదు, అదే మళ్లీ పంపు’ అనో చెబుతుంది. దారిలో ఎన్ని ప్యాకెట్లు చెడిపోయినా ఫైలు చెక్కుచెదరకుండా చేరడానికి ఈ రెండూ, అంటే తనిఖీ సంఖ్యా, ఆ ఒక్క బిట్టూ, ఆధారం.

నాలుగో అంచె: ‘ఇక్కడున్నాను’ అనే చాటింపు

రెండు పరికరాలకు ముందు పరిచయం ఉండాలి కదా. ఆన్ చేసిన బ్యాండ్ తన పేరునూ, తాను ఏ పని చేయగలదో తెలిపే గుర్తులనూ కొద్ది కొద్ది సేపటికి గాలిలోకి చాటుతుంది. ఈ చాటింపులో మామూలుగా 31 బైట్లకు మించి విషయం పట్టదు. మొత్తం ప్యాకెట్ 376 మైక్రోసెకన్లలో ముగిసిపోతుంది.

తక్కువ శక్తి బ్లూటూత్‌లో 40 ఛానెళ్లు ఉన్నాయి. చాటింపుకు కేటాయించినవి మూడే: 2402, 2426, 2480 మెగాహెర్ట్జ్. వైఫైలో ఎక్కువగా వాడే 1, 6, 11 ఛానెళ్ల కేంద్రాలు 2412, 2437, 2462 దగ్గర ఉంటాయి. ఈ అంకెలను కాగితం మీద ఒక గీత గీసి పక్కపక్కన గుర్తించండి. మొదటి చాటింపు ఛానెల్ వైఫైకి ఈవల అంచున, మూడోది ఆవల అంచున, రెండోది 1కీ 6కీ నడుమ సందులో కూర్చున్నాయి. ఎంత వైఫై రద్దీ ఉన్నా కొత్త పరికరం కనిపించాలని కావాలనే ఇలా ఏరుకున్నారు.

ఇంకో చక్కటి జాగ్రత్త ఉంది. ప్రతి చాటింపుకూ ముందు పరికరం 0 నుంచి 10 మిల్లీసెకన్ల వరకు ఏదో ఒక యాదృచ్ఛిక ఆలస్యం కలుపుతుంది. లేకపోతే ఒకే లయలో పడిన రెండు బ్యాండ్లు ప్రతిసారీ ఒకదాని మాట మీద మరొకటి మాట్లాడి, ఎప్పటికీ వినపడకుండా పోతాయి.

ఇప్పుడు స్కానర్ యాప్ తెరవండి. వరుసగా పరికరాలు కనిపిస్తాయి, కొన్ని పేరుతో, చాలా వరకు పేరు లేకుండా. పక్కనే 48 బిట్ల చిరునామా ఉంటుంది. ఫోన్లు, వాచీలు గోప్యత కోసం ఈ చిరునామాను కొంతసేపటికొకసారి, సాధారణంగా 15 నిమిషాలకొకసారి, మార్చుకుంటూ ఉంటాయి. ఐఫోనులో అయితే అసలు చిరునామాలను యాప్‌లకు చూపించరు, వాటి బదులు ఫోను తానే ఇచ్చుకున్న గుర్తింపు సంఖ్యలు కనిపిస్తాయి. కొన్ని పరికరాలు వేరే ఫోనుకు కలిసి ఉన్నప్పుడు చాటింపు ఆపేస్తాయి. మీ బ్యాండ్ జాబితాలో కనిపించకపోతే మొదట అనుమానించాల్సింది ఇదే.

ఐదో అంచె: కాలపట్టిక కుదుర్చుకోవడం

నా దృష్టిలో మొత్తం విషయానికి గుండెకాయ ఈ అంచె. ఇక్కడ తొందరపడకండి.

చాటింపు విన్న ఫోను కలవాలనుకుంటే ఒక అభ్యర్థన పంపుతుంది. అందులో ముఖ్యంగా నాలుగు సంగతులు ఉంటాయి: ఎంతసేపటికొకసారి కలుద్దాం, ఏ ఛానెళ్లు వాడదాం, ప్రతిసారీ ఎన్ని ఛానెళ్లు ముందుకు దూకుదాం, ఎంతసేపు వినపడకపోతే సంబంధం తెగినట్టు. కలిసే వ్యవధి మామూలుగా 7.5 మిల్లీసెకన్ల నుంచి 4 సెకన్ల వరకు ఉండవచ్చు. గేమ్ కంట్రోలర్ త్వరత్వరగా కలవాలి, గది ఉష్ణోగ్రత చెప్పే సెన్సర్‌కు అంత తొందర అక్కర్లేదు. ఇద్దరు వ్యక్తులు 37 గదులున్న భవనంలో ‘ప్రతి గంటకూ ఏడు గదులు దాటి కలుద్దాం’ అని ఒప్పందం చేసుకున్నట్టు ఉంటుంది ఇది. ఒప్పందం తెలియనివారికి వాళ్లు ఏ గదిలో దొరుకుతారో అంతుపట్టదు.

చాటింపువి మూడు పోగా సంభాషణకు మిగిలేవి 37 ఛానెళ్లు, 0 నుంచి 36 వరకు. దూకుడు సంఖ్య 7 అనుకుని మీరే లెక్క వేయండి. 7, 14, 21, 28, 35. తర్వాత 42 రావాలి, అది 36ను దాటింది కనుక 37 తీసేయండి: 5. ఆపైన 12, 19, 26, 33, మళ్లీ 40 నుంచి 37 పోగా 3. ఇలా పోతే ఏ ఛానెల్‌నూ వదలకుండా అన్నింటినీ ఒక్కోసారి తాకిన తర్వాతే మొదటికి వస్తాం. కారణం, 37 ప్రధాన సంఖ్య. ఏ దూకుడు సంఖ్య ఎంచుకున్నా ఈ గుణం చెడదు. బడిలో నేర్చుకున్న ప్రధాన సంఖ్య ఇలా జేబులోని పరికరంలో పనిచేయడం నాకు ఎంతో ఇష్టమైన విషయం. బ్లూటూత్ 5 తరం నుంచి వచ్చిన కొత్త పద్ధతిలో దూకుడు ఇంకాస్త ఊహకందని విధంగా ఉంటుంది, కానీ ఉద్దేశం ఒకటే.

ఎందుకీ గెంతులాట? ఒకే ఛానెల్‌లో ఉండిపోతే అక్కడ గోల మొదలవగానే మాట ఆగిపోతుంది. దూకుతూ ఉంటే ఒక ప్యాకెట్ చెడినా తర్వాతిది వేరే చోట దాటిపోతుంది. పైగా ఏ ఛానెళ్లలో ఎక్కువగా చెడుతోందో గమనించి వాటిని పట్టిక నుంచి తీసేస్తారు. 2003లో వచ్చిన బ్లూటూత్ 1.2 ఈ నేర్పును తెచ్చింది. పాటలు, కాల్స్ మోసే పాత తరహా బ్లూటూత్‌లో 79 ఛానెళ్లు ఉంటాయి, సెకనుకు గరిష్ఠంగా 1600 సార్లు దూకుతుంది. పౌనఃపున్యాలు మార్చుకుంటూ మాట్లాడే ఆలోచన బ్లూటూత్ కంటే చాలా పాతది. నటి హెడీ లమార్, స్వరకర్త జార్జ్ ఆంథీల్ 1942లోనే టార్పెడోలను శత్రువు అడ్డుకోలేకుండా నడిపించడానికి 88 పౌనఃపున్యాల మధ్య దూకే పద్ధతికి అమెరికాలో పేటెంట్ పొందారు.

కాలపట్టిక నడవాలంటే గడియారాలు కలవాలి. ప్రతి పరికరంలోనూ ఒక స్ఫటిక గడియారం ఉంటుంది. అది పది లక్షల్లో 50 వంతులు తప్పు నడిచినా సెకనుకు 50 మైక్రోసెకన్ల తేడా వస్తుంది. అందుకే వినాల్సిన పరికరం కొంచెం ముందే లేచి ఎదురుచూస్తుంది. ప్రతి కలయికలోనూ గడియారం మళ్లీ సరిచేసుకుంటుంది. వరుసగా కొన్ని కలయికలు తప్పినా సంబంధం తెగదు, ఒప్పుకున్న గడువు దాటితేనే తెగుతుంది. ఇయర్‌బడ్స్ వేసుకుని గది దాటి వెళ్లినప్పుడు పాట ఆగిన కొద్దిసేపటికి గానీ ‘డిస్‌కనెక్టెడ్’ అన్న మాట వినపడదే, ఆ ఆలస్యం ఈ గడువే.

ఆరో అంచె: జత కలపడం, రహస్యం కాపాడుకోవడం

కలవడం వేరు, జత కావడం వేరు. జత అంటే రెండూ కలిసి ఒక రహస్య తాళంచెవి తయారుచేసుకుని, ఎవరి దగ్గర వారు దాచుకోవడం. ఆ తాళంచెవి గాలిలో ప్రయాణించదు. రెండు పరికరాలూ తమ తమ రహస్య సంఖ్యల నుంచి పుట్టించిన బహిరంగ సంఖ్యలను మాత్రమే ఇచ్చిపుచ్చుకుంటాయి. అవతలి బహిరంగ సంఖ్యను తన రహస్య సంఖ్యతో కలిపి లెక్క వేస్తే ఇద్దరికీ ఒకే జవాబు వస్తుంది. మధ్యలో విన్నవారికి బహిరంగ సంఖ్యలు రెండూ దొరికినా ఆ జవాబు రాబట్టడం ఆచరణలో అసాధ్యం. తక్కువ శక్తి బ్లూటూత్‌లో ఈ పద్ధతి 4.2 తరంతో వచ్చింది.

ఇక ఒక ప్రమాదం మిగిలి ఉంటుంది. మధ్యలో మూడో పరికరం దూరి, మీ ఫోనుతో తానే స్పీకర్‌నంటూ, స్పీకర్‌తో తానే ఫోనునంటూ నటిస్తే? రెండు తెరల మీద కనిపించే ఆరంకెల సంఖ్య అందుకోసమే. మధ్యలో ఎవరైనా దూరితే ఆ రెండు సంఖ్యలూ కలవవు. దయచేసి దాన్ని చూడకుండా ‘సరే’ నొక్కకండి. తెర లేని ఇయర్‌బడ్స్‌కు ఈ పోలిక సాధ్యం కాదు, కాబట్టి వాటిని మొదటిసారి జత చేసేటప్పుడు జనసందోహంలో కాకుండా ఇంట్లో చేయడం మంచిది. తాళంచెవి ఒకసారి కుదిరాక తర్వాతి సంభాషణ అంతా దానితోనే సంకేతలిపిలోకి మారి వెళ్తుంది.

ఏడో అంచె: ఇద్దరికీ తెలిసిన భాష

సురక్షితంగా కలిసినా, వచ్చిన అంకె గుండె వేగమా, బ్యాటరీ శాతమా అన్నది తెలియాలి. అందుకు ముందే ఒప్పుకున్న సంఖ్యలున్నాయి. స్కానర్ యాప్‌లో మీ బ్యాండ్‌కు కనెక్ట్ అయి చూడండి. 180ఎఫ్ అని కనిపిస్తే అది బ్యాటరీ సేవ. దాని లోపలి 2ఎ19ను చదివితే శాతం వస్తుంది. 180డి గుండె వేగం. కంపెనీ ఏదైనా ఈ సంఖ్యలు మారవు, అందుకే ఒకరి బ్యాండ్‌ను మరొకరి ఫోను చదవగలుగుతోంది. చదవడంతో ఆగండి, తెలియని చోట ఏమీ రాయవద్దు.

పాత తరహా బ్లూటూత్‌లో ఇదే పనికి ప్రొఫైళ్లు ఉన్నాయి. పాట వినడానికి ఒకటి, కాల్ మాట్లాడటానికి మరొకటి. పాట ప్రొఫైల్ ధ్వనిని ఒకే దిశలో, మంచి నాణ్యతతో పంపుతుంది. మైకు తెరుచుకోగానే రెండు దిశలా మాట్లాడే కాల్ ప్రొఫైల్‌కు మారాలి, అందులో ధ్వనికి దొరికే చోటు తక్కువ. కంప్యూటర్‌లో మీటింగ్ మొదలైన మరుక్షణం సంగీతం పేలవంగా మారడానికి కారణం ఇదే, హెడ్‌ఫోన్ చెడిపోయి కాదు. మైకును కంప్యూటర్‌దే ఎంచుకుంటే పాట నాణ్యత మళ్లీ వచ్చేస్తుంది.

ఎనిమిదో అంచె: సంకేత బలాన్ని కొలవండి

స్కానర్ యాప్‌లో ప్రతి పరికరం పక్కనా -45, -78 వంటి సంఖ్య ఉంటుంది. దీన్ని డీబీఎంలో కొలుస్తారు. 0 అంటే ఒక మిల్లీవాట్. పది తగ్గిన ప్రతిసారీ శక్తి పదో వంతు అవుతుంది. -90 దగ్గర అందే శక్తి వాట్‌లో లక్ష కోట్లో వంతు. అంత పిసరంత శక్తి నుంచి కూడా రేడియో మాటను ఏరుకోగలదు.

ఆరుబయట పరికరాన్ని బల్ల మీద పెట్టి 1 మీటరు, 2 మీటర్లు, 4 మీటర్ల దూరంలో చూడండి. దూరం రెట్టింపైన ప్రతిసారీ శక్తి నాలుగో వంతు కావాలి, అంటే సంఖ్య సుమారు 6 తగ్గాలి. గది లోపల ఈ లెక్క తప్పుతుంది. గోడల మీద, అద్దాల మీద తగిలి వచ్చిన తరంగాలు నేరుగా వచ్చినదానితో కలిసి ఒకచోట బలపడతాయి, మరోచోట ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి. తరంగదైర్ఘ్యం 12.5 సెంటీమీటర్లు కనుక ఫోనును ఆరేడు సెంటీమీటర్లు పక్కకు జరిపినా సంఖ్య పదికి పైగా మారవచ్చు. బలాన్ని బట్టి దూరం చెప్పే యాప్‌లను అందుకే పూర్తిగా నమ్మలేం. తర్వాత పరికరానికీ ఫోనుకూ మధ్య మీరు నిలబడి చూడండి. పడిపోయే ఆ సంఖ్య మీ ఒంట్లోని నీరు చేసిన పని.

మిగతా పద్ధతులు

ఎన్‌ఎఫ్‌సీ వీటన్నిటికంటే భిన్నం. దాని పౌనఃపున్యం 13.56 మెగాహెర్ట్జ్, తరంగదైర్ఘ్యం 22 మీటర్లు. నాలుగు సెంటీమీటర్ల దూరానికి అంత పొడవైన తరంగంతో పనేముంది? నిజానికి అక్కడ జరిగేది తరంగ ప్రసారం కాదు. ఫోనులోని తీగచుట్ట అయస్కాంత క్షేత్రాన్ని పుట్టిస్తుంది, కార్డులోని తీగచుట్టలో దానివల్ల విద్యుత్తు పుడుతుంది. కార్డులో బ్యాటరీ అక్కర్లేదు. జవాబు చెప్పడానికి కార్డు తనలో ప్రవహించే విద్యుత్తును పెంచుతూ తగ్గిస్తూ ఉంటుంది, ఫోను తన తీగచుట్టలో దానివల్ల కలిగే మార్పును పసిగడుతుంది. దూరం పెరిగేకొద్దీ ఈ క్షేత్రం చాలా వేగంగా క్షీణిస్తుంది, ఆనించి పట్టుకోమనేది అందుకే. కార్డు చదవకపోతే ఫోను లోహపు కవరు తీసేసి, వెనక వైపు తీగచుట్ట ఉన్న చోటు వెతికి, కదలకుండా ఒక క్షణం పట్టుకోండి.

వైఫై దూకదు. మాట్లాడే ముందు ఛానెల్ ఖాళీగా ఉందేమో విని, లేకపోతే కాసేపు ఆగుతుంది. జిగ్‌బీ సెకనుకు 2.5 లక్షల బిట్లే పంపినా, ఒక బల్బు చెప్పిన మాటను ఇంకో బల్బు అందుకుని ముందుకు పంపగలదు. అల్ట్రా వైడ్‌బ్యాండ్ అతి చిన్న రేడియో తునకలు (పల్స్‌లు) పంపి, అవి చేరడానికి పట్టిన సమయంతో దూరం కొలుస్తుంది. కాంతి ఒక నానోసెకనులో 30 సెంటీమీటర్లు వెళ్తుంది కనుక కారు తలుపు, జేబులో తాళం ఎంత దగ్గరున్నాయో ఇది సంకేత బలం కంటే నమ్మకంగా చెబుతుంది.

తెగిపోతుంటే ఈ వరుసలో చూడండి

మొదట, పరికరం పాత ఫోనుకో ట్యాబ్‌కో కలిసిపోయిందేమో చూడండి. దగ్గరలో ఉన్న ఆ రెండోదాని బ్లూటూత్ ఆపితే చాలాసార్లు సమస్య అక్కడే తీరిపోతుంది.

అసలు కలవడమే లేదంటే తాళంచెవులు తేడాపడి ఉండవచ్చు. ఒకవైపు చెరిగిపోయి మరోవైపు మిగిలితే రెండూ ఒకదాన్నొకటి నమ్మవు. ఫోను సెట్టింగ్‌లలో ఆ పరికరాన్ని తొలగించడం సగం పనే, పరికరంలో కూడా దాని రీసెట్ పద్ధతి ప్రకారం చెరిపి, కొత్తగా జత చేయాలి.

నడుస్తుంటే పాట తెగుతోందా? ఫోనును వేరే జేబులోకి మార్చండి. ఇయర్‌బడ్ ఒక చెవిలో, ఫోను ఎదురు వైపు వెనక జేబులో ఉంటే మధ్యలో మీ శరీరం మొత్తం అడ్డం. ఆరుబయట ఇది ఎక్కువగా తెలుస్తుంది, ఎందుకంటే అక్కడ సంకేతాన్ని చుట్టుతిప్పి తెచ్చే గోడలు ఉండవు.

కంప్యూటర్ దగ్గరే మౌస్ తడబడుతుంటే దాని రిసీవర్ ఎక్కడ గుచ్చారో చూడండి. యూఎస్‌బీ 3.0 పోర్టులు, వాటికి తగిలించిన హార్డ్‌డిస్క్‌లు పనిచేసేటప్పుడు 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర గోల పుట్టిస్తాయి. రిసీవర్‌ను చిన్న ఎక్స్‌టెన్షన్ తీగతో ఒక జానెడు దూరం జరపండి.

అప్పటికీ కుదరకపోతే వైఫైని 5 గిగాహెర్ట్జ్ పట్టీకి మార్చండి. బ్లూటూత్‌కు దూకడానికి మరిన్ని ఛానెళ్లు ఖాళీ అవుతాయి.